పోస్టు చెయ్యని ఉత్తరం

రెండు ఈమెయిళ్ళూ ఒకే మంగళవారం వచ్చాయి.
లూయిస్టన్ వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీ దిగి
కారులో హీటరు వెచ్చబడేదాకా
వాటినే చదివాను, మళ్ళీ చదివాను.

ఒకటి అగస్టా నించి, రాష్ట్ర ఆరోగ్య శాఖ.
మూడో అంతస్తు, కిటికీ లేని గది,
బావినీళ్ళ పరీక్షల లెక్కలు,
గంటకి పదిహేడు డాలర్లు.
రెండోది తూర్పు తీరాన తిరిగే వ్యాను.
ఇల్లిల్లూ దిగి సీసాల్లో నీళ్ళు పట్టాలి.
జీతం లేదు, పెట్రోలు ఖర్చులిస్తారు.

మెడికల్ కాలేజీ దరఖాస్తులో
"డాక్టరు ఎందుకు కావాలనుకుంటున్నావు?" కింద
అయిదువేల మూడువందల అక్షరాల ఖాళీ.
నా రూమ్మేట్ హోదాన్ తేల్చేసింది:
"వ్యానెక్కు, ఓడిల్. కథ అక్కడుంది.
ఎక్సెల్ గడులు చూసి ఎవరూ కళ్ళు తుడుచుకోరు."
నేనూ అదే లెక్క వేశాను.
ఎవరి కష్టం నా వ్యాసానికి సరిపోతుందా అని
దర్జీలా కొలత పట్టాను.
ఇది రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

ఒకరోజు వచ్చి చూసుకోమంది, వ్యాను నడిపే వర్నా.
మార్చి. మంచు కరిగి రోడ్డంతా అడుసు.
ఎల్వుడ్ పింకమ్ వంటగది.
ఎనభై ఒకటేళ్ళు. అరిచేతుల నిండా
మొక్కజొన్న గింజల్లా గట్టిపడిన చర్మం.
రొయ్యల బోనుల తాళ్ళు లాగీ లాగీ అంటాడాయన.
వర్నా ఏమీ అనదు.

కుళాయి అయిదు నిమిషాలు వదిలి
నేను సీసా నింపుతుంటే
ఆయన ఒక గ్లాసు తొలిచి, నింపి, నా ముందు పెట్టాడు.
"తాగి చూడు. మా నాన్న బండ తొలిపించి తీసిన నీళ్ళు.
ఈ చుట్టుపక్కల ఇంత తియ్యటివి లేవు."

ఆర్సెనిక్‌కి రుచి లేదు, వాసన లేదు.
పరీక్షకి ముందు రాత్రి నేను గీత గీసుకున్న వాక్యం.
ఒక చేతిలో మూత బిగించిన సీసా,
ఒక చేతిలో గ్లాసు.
వర్నా తలెత్తకుండా ఫారం నింపుతోంది.

తాగాను.
నిజంగానే తియ్యగా ఉన్నాయి.

వ్యానెక్కాక అడిగాను,
ఇంతకు ముందెప్పుడూ ఈ బావి పరీక్షించలేదా?
"అక్టోబరులో నేనే పట్టాను.
ల్యాబు నించి ఫలితం అగస్టా చేరింది. అక్కడే ఉంది.
ఉత్తరాలు పంపే పిల్ల మానేసింది.
సీసా నీళ్ళు కొనుక్కోమని చెప్తూనే ఉన్నాను.
కాగితం చూపించమంటాడు."
అలాంటివి ఎన్ని?
వైపర్లు రెండుసార్లు అటూ ఇటూ తిరిగేదాకా ఆగి
"ఆరువందల పైచిలుకు," అంది.

అక్టోబరు, నవంబరు, వేళ్ళు మడిచాను.
ఇన్ని నెలల కాఫీ, ఇన్ని నెలల చేపల సూపు,
ఆదివారాలొచ్చే మునిమనవరాలి పాలసీసా.

ఆ రాత్రి అగస్టాకి ఒప్పుకుంటున్నానని రాశాను.
డబ్బు కోసం కాదని చెప్పుకోవడం కుదరదు,
అద్దె రెండు నెలలు బాకీ.
హోదాన్ "అయ్యో, పిచ్చిదానా" అని టీ పెట్టింది.
వర్నా ఫోనులో "మంచిది" అంది,
పెట్టేయబోయి, "పింకమ్‌ది ముందు తియ్యి."

ఏప్రిల్ మొదటి సోమవారం, మూడో అంతస్తు,
అడుగు నించి రెండో అర.
పింకమ్, ఇ. లీటరుకి నలభై ఏడు మైక్రోగ్రాములు.
హద్దు పది.
ఈ నీటిని తాగడానికీ వంటకీ వాడరాదు,
అచ్చువేసిన వాక్యం. దాని కింద జానెడు తెల్లకాగితం.
అక్కడ చేత్తో ఏదీ రాయకూడదని నియమం.
రాశాను:
"ఫోన్ చెయ్యండి. మీ ఇంట గ్లాసుడు నీళ్ళు తాగిన అమ్మాయిని."

దరఖాస్తులో "చేసిన పని" అనే గడి ఉంది.
కవర్లు అంటించాను, అని టైపు చేసి ఆగాను.
ఇంకేం రావడం లేదు.
ఇవాళ నూట పన్నెండు.
నాలిక మీద జిగురు,
కొంచెం చేదు, కొంచెం ఉప్పన.
దీనికైతే రుచి ఉంది.